మంగళవారం పొట్టు

సెప్టెంబరు 5

మా స్వారీ స్కూలు మేడమ్ వచ్చారు. చెప్పులకు లద్దె అంటకుండా శాల గుమ్మంలోనే నిలబడి, అత్తగారి దగ్గులు లెక్కపెట్టారు. పదకొండట. నేనూ లెక్కపెట్టాను గానీ నాకు తొమ్మిదే వచ్చాయి.

"దగ్గే గుర్రం మీద పిల్లల్ని ఎక్కిస్తే పెద్దవాళ్లు ఊరుకుంటారా? అక్టోబరు ఆఖరుదాకా చూస్తాను. తగ్గకపోతే పంపించేద్దాం," అన్నారు.

ఎక్కడికని నేను అడగలేదు. పద్దెనిమిదేళ్ల గుర్రాన్ని కొనుక్కునేవాడు దాన్ని స్వారీకి కొనడు.

వెళ్తూ వెళ్తూ, "దుమ్మంతా ఆ గడ్డి పరుపులోదే. పైగా గడ్డి ధర మండిపోతోంది. తడి పీల్చేదీ, దుమ్ము లేనిదీ, గడ్డి కంటే ఖర్చు తక్కువైనదీ ఏదో ఒకటి చూడండి. మీ అన్నయ్య ఉంటే ఈపాటికి చూసి ఉండేవాడు," అన్నారు.

నిజమే. ఇరవై రెండేళ్లుగా దాణా నాది, పరుపు అన్నయ్యది. గుర్రం నోటి వైపు నీది, తోక వైపు నాది అని నవ్వేవాడు. ఏడు నెలలైంది పోయి. ఇప్పుడు రెండు వైపులూ నావే. అత్తగారు అని పేరు పెట్టింది కూడా అతనే. ఎంత బాగా పరిచినా ముందు కాలితో గీకి, వాసన చూసి, మూతి తిప్పుకుంటుంది కాబట్టి. నేను పొద్దున్నే తలుపు తీస్తే ఆ గుర్రం ఇప్పటికీ నా భుజం మీదుగా వెనక్కి చూస్తుంది, ఇంకొకరు రావాలి కదా అన్నట్టు. మిగతా గుర్రాలు ఆ చూపు ఎప్పుడో మానేశాయి.

దాన్ని పంపనివ్వను.

సెప్టెంబరు 6

పరీక్ష పెట్టాను. గడ్డి, ఊక, రంపపు పొట్టు, చింపిన కాగితం, చిత్రిక పొట్టు. ఒక్కొక్కటీ కిలో తూచి, దిండు గలీబులో పోసి మూతి కట్టి, గంటసేపు బకెట్లో ముంచి, అరగంట దండెం మీద వేలాడదీసి మళ్లీ తూచాను. ఊక దండగ, నీళ్లన్నీ కిందికి కార్చేసింది. గడ్డి పర్వాలేదు. కాగితం తాగినంతగా ఏదీ తాగలేదు గానీ ఎత్తితే నడుం పట్టేసింది. రంపపు పొట్టు బాగానే పీల్చింది, కానీ పొడిగా ఉన్నప్పుడు దాని దుమ్ముకి అత్తగారు కాదు, నేనే దగ్గాను. చిత్రిక పొట్టు, అంటే చెక్కను నున్నగా తీస్తున్నప్పుడు చుట్టలు చుట్టలుగా రాలేది, అన్నిటికంటే నయం. మెత్తగా ఉంది. దుమ్ము తక్కువ. తడి ఒకచోటే ఉంటుంది కాబట్టి అంతవరకే తీసి పారేస్తే చాలు.

గలీబులు నావి నాలుగున్నాయి. ఐదోది అన్నయ్యది. అది తీయబుద్ధి కాలేదు. ఊకను నా చొక్కాలో కట్టాను.

సెప్టెంబరు 7

బూడిద రంగు గుర్రానికి కాగితం పరిచి చూశాను. పొద్దున లేచేసరికి దాని పొట్ట నిండా పాత వార్తల సిరా. ఎడమ వైపు పెళ్లి ప్రకటన చదవగలిగాను. చాలా నవ్వొచ్చింది. ఎవరికైనా చెబుదామని చుట్టూ చూశాను.

సెప్టెంబరు 8

ఆదివారం. వదిన ఫోన్. తిన్నావా అంది, తిన్నానన్నాను. నువ్వు తిన్నావా అన్నాను, తిన్నానంది. కాసేపు ఇద్దరం లైన్లోనే ఉన్నాం.

పెళ్లి ప్రకటన సంగతి చెప్పడం మర్చిపోయాను.

సెప్టెంబరు 10

దుమ్ము తీసి, మూటలు కట్టి అమ్మే చిత్రిక పొట్టు ధర అడిగితే తల తిరిగింది. వెనక వీధిలో వడ్రంగి మేస్త్రీ ఉన్నాడు, ఆయన దగ్గర పొట్టు ఊరికే పడుంటుంది, అడుగు, అని దాణా కొట్టు ఆయన చెప్పాడు. తోపుడుబండి మీద ఆరు బస్తాలు వేసుకుని వెళ్లాను.

మేస్త్రీకి అరవై దాటి ఉంటాయి. కనుబొమల మీద కూడా పొట్టే. యంత్రాల హోరుకి చెవులు కాస్త మందగించినట్టున్నాయి, గట్టిగా మాట్లాడాలి. షాపులో ఒక్కడే.

అన్నయ్య ఎవరి దగ్గర పొట్టు తీసుకున్నా ముందు ఒకే ప్రశ్న వేసేవాడు. నేనూ అదే అడిగాను. "ఇందులో ఏ చెక్క ఉంది మేస్త్రీగారూ?"

"పైన్ చెక్కే. కిటికీల ఆర్డరు. ఏం, గుర్రాలు చెక్క కూడా ఎంచుతాయా?"

నల్ల అక్రోటు చెక్క పొట్టు మీద నిలబడితే చాలు, గుర్రానికి డెక్కల్లో వాపు వస్తుంది, ఎముక జారిపోయిందంటే ఇక లేవదు, అని అన్నయ్య చెప్పిన మాట ఆయనకు చెబుదామనుకున్నాను. ఆయన అప్పటికే బస్తాల్లోకి ఎత్తుతున్నాడు. పైన్ అన్నాడు కదా అని ఊరుకున్నాను.

డబ్బు తీసుకోలేదు. "మీరు ఎత్తుకెళ్తే నాకు ఊడ్చే పని తప్పుతుంది," అన్నాడు. బయల్దేరుతుంటే, "ఇంతకీ మీరు ఎలా ఉన్నారు?" అన్నాడు. ఏదో మాటవరసకి అన్నదే. బండి తోసుకుంటూ వస్తున్నంతసేపూ ఎలా ఉన్నానో ఆలోచించాను.

సెప్టెంబరు 12

నిన్న సాయంత్రం అత్తగారి గదిలో, పక్కన బూడిద గుర్రం గదిలో జానెడు మందాన పరిచాను. అత్తగారు గీకింది. వాసన చూసింది. మూతి తిప్పలేదు. నాలుగు కాళ్లూ ముడుచుకుని పడుకుంది. పొద్దున మూడే దగ్గులు, ఈసారి ఒక్కటీ దాచకుండా లెక్కపెట్టాను.

సెప్టెంబరు 17

మంగళవారం. ఆరు బస్తాలు. మేస్త్రీ టీ ఇచ్చాడు. ఆయన స్టూలు నాకిచ్చి తను పలకల మీద కూర్చున్నాడు. వాళ్లావిడ కూతురి దగ్గరికి పది రోజులుందామని వెళ్లి రెండేళ్లయిందట. "అక్కడ లిఫ్టు ఉందట. లిఫ్టుతో నేనేం పోటీ పడతాను?" అన్నాడు.

పెళ్లి ప్రకటన సంగతి చెప్పాను. కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు.

పాత పొట్టు ఇంకా రెండు బస్తాలుంది. తడి అయినంతవరకే తీస్తున్నాను కాబట్టి ఆరు బస్తాలు పది పన్నెండు రోజులొస్తాయి. అయినా వారానికోసారి తెచ్చుకోవడమే మంచిది. తాజా పొట్టు ఎక్కువ పీలుస్తుంది.

సెప్టెంబరు 24

షాపులో రెండు స్టూళ్లున్నాయి. రెండోది కొత్తది. ఎవరి ఆర్డరు అని అడిగితే, మిగిలిన ముక్కలు, ఊరికే చేశాను అన్నాడు. నా ఎత్తుకి సరిగ్గా ఉంది.

దగ్గు లేదు. ఇవాళ మొత్తం మీద ఒక్కటీ లేదు. మేడమ్ వచ్చి అయిదు నిమిషాలు చెవులు రిక్కించి నిలబడి, "బాగుంది," అని వెళ్లారు. అత్తగారి మెడ మీద చెయ్యేసి చాలాసేపు ఉండిపోయాను.

అక్టోబరు 1

షాపులో గోడకి నల్లటి పలకలు ఆనించి ఉన్నాయి. కాఫీ రంగు. చాలా అందంగా ఉన్నాయి. యంత్రం కింద పొట్టు ఎప్పటిలా తెల్లగా లేదు.

ఏ చెక్క అని అడగబోయాను. నోరు తెరిచాను కూడా. సరిగ్గా అప్పుడే ఆయన, "కూర్చో తమ్ముడూ, టీ చల్లారిపోతోంది," అన్నాడు.

ఎనిమిది నెలలవుతోంది 'తమ్ముడూ' అన్న మాట విని. కూర్చున్నాను. టీ తాగాను. ఇంకేం మాట్లాడుకున్నామో గుర్తు లేదు.

అక్టోబరు 2

బస్తాల్లో అక్కడక్కడ నల్ల చుట్టలున్నాయి. కొంచెమే. టేకు అయి ఉంటుంది.

అక్టోబరు 4

టేకే.

అక్టోబరు 6

వదిన ఫోన్. గొంతు హుషారుగా ఉందేంటి మరిదీ అంది. విశేషాలేమీ లేవన్నాను. మేస్త్రీ గురించి చెప్పలేదు. చెబితే వదిన తప్పకుండా అడుగుతుంది, ఏ చెక్క అని. అన్నయ్యతో అన్నేళ్లు కాపురం చేసిన మనిషి.

అక్టోబరు 8

ఆరు బస్తాల్లో నాలుగు సగానికి సగం నల్లగానే ఉన్నాయి. మేస్త్రీ ఇవాళ బస్తాలు నన్ను నింపనివ్వలేదు, తనే ముందుగా నింపి మూతులు కుట్టి ఉంచాడు. "నీకు శ్రమ ఎందుకని," అన్నాడు. ఆ మాటకే పొంగిపోయి, ఇంటికొచ్చేదాకా బస్తా విప్పి చూడలేదు.

మధ్యాహ్నమంతా నేల మీద దుప్పటి పరుచుకుని నల్ల చుట్టలు ఏరాను. ఇంకా చాలా ఉండిపోయాయి. వేళ్లు గోధుమ రంగుకి తిరిగాయి. టేకుకి ఈ రంగు అంటదు.

అంటుతుందేమో. నాకు చెక్కల గురించి ఏం తెలుసు? నేను దాణా మనిషిని.

ఏరగా మిగిలినదాన్ని పరిచాను.

అక్టోబరు 9

బాగానే తిన్నాయి రెండూ.

అక్టోబరు 10

తెల్లవారుజామున తలుపు తీస్తే అత్తగారు నా వెనక్కి చూడలేదు. ముందు కాళ్లు బారజాపి, బరువంతా వెనక కాళ్ల మీద వేసుకుని నిలబడి ఉంది. అడుగు వేయమంటే వేయలేదు. డెక్క మీద చెయ్యి పెడితే సలసల కాగుతోంది.

డాక్టరమ్మకి ఫోన్ చేశాను. ఆవిడ వచ్చేలోపు అత్తగారి కింద పొట్టంతా తీసేసి గడ్డి పరిచాను. ఇది రాయడం మొదలుపెట్టాక గానీ ఆ పని ఎందుకు చేశానో నాకు నేను చెప్పుకోలేదు.

డాక్టరమ్మ డెక్కలకి చన్నీళ్లు పెట్టమంది, సూది వేసింది. "కింద ఏం పరుస్తున్నారు?" అంది.

"పైన్ పొట్టండీ. ఇవాళే గడ్డికి మార్చాను."

"అయితే దాణా ఎక్కువై ఉండాలి. మీరు ఎంత పెడుతున్నారు?"

ఎక్కువే పెట్టానేమో అన్నాను. నా ఇరవై రెండేళ్ల దాణా మీద నేనే బురద చల్లుకున్నాను. మేడమ్ నా వైపు అలా చూశారంతే.

బూడిద గదిలో పొట్టు తీయలేదు. దానికేమీ కాలేదు కదా. అక్కడ కూడా తీస్తే ఎందుకు తీశావని అడుగుతారు.

అక్టోబరు 11

బూడిదకి కూడా.

బూడిదకి నా వల్ల. పొట్టు వల్ల కాదు, మేస్త్రీ వల్ల కాదు. అత్తగారి విషయంలో నాకు తెలియదని కనీసం నటించాను. దీని విషయంలో అదీ లేదు. నిన్న ఒక పార తీసుకుని అరగంట పని చేసుంటే సరిపోయేది.

డాక్టరమ్మ బండి దిగకముందే చెప్పేశాను. నల్ల చుట్టలు పిడికెడు తీసుకెళ్లి ఆవిడ చేతిలో పోశాను. వాసన చూసింది. "అక్రోటు. మీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"పది రోజులు."

ఆవిడ తిట్టలేదు. పార ఎక్కడుందని అడిగింది. ఇద్దరం కలిసి బూడిద గది ఖాళీ చేశాం. తిడితే బాగుండేది.

మేడమ్‌కి కూడా నేనే చెప్పాను. "మీ అన్నయ్య అయితే..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. తెలుసండీ, అన్నాను.

అక్టోబరు 13

చన్నీళ్లు. గంటకోసారి. బూడిద కాలు కిందపెడుతోంది. అత్తగారు ఇంకా పెట్టడం లేదు.

వదినకి మొత్తం చెప్పాను. చివరిదాకా వింది. తర్వాత అంది: "మీ అన్నయ్య అడిగి అడిగి ప్రాణం తీసేవాడు. కూరగాయల బండి వాడు కూడా ఆయన్ని చూస్తే దారి మార్చేవాడు. నీకేమో మొహమాటం. ఇది మొహమాటం కూడా కాదులే మరిదీ. నాకు తెలుసు. నేను రాంగ్ నంబరు వాళ్లతో కూడా పెట్టేయకుండా మాట్లాడుతున్నాను ఈమధ్య."

ఇవాళ తిన్నావా అని ఇద్దరం అడగలేదు.

అక్టోబరు 15

మంగళవారం. వెళ్లలేదు.

అక్టోబరు 18

డాక్టరమ్మ ఎక్స్‌రే తీసింది. అత్తగారి డెక్కలో ఎముక కొంచెం కదిలింది గానీ జారిపోలేదు. నాలుగు నెలలు నడిపించకూడదు. మెత్తగా, లోతుగా పరుపు ఉండాలి, గడ్డి మాత్రం వద్దు, దగ్గు మళ్లీ వస్తుంది అంది. పైన్ పొట్టునే దుమ్ము తీసి గట్టిగా నొక్కి చేసిన గుళికలుంటాయట. నీళ్లు చల్లితే విచ్చుకుని మెత్తని రవ్వలా అవుతాయి. ఒక బస్తా తెప్పించి, పాత అలవాటు కొద్దీ గలీబులో పోసి ముంచి చూశాను. కాగితం కూడా దాని ముందు దిగదుడుపే. మొదట పరిచేటప్పుడు ఖర్చు ఎక్కువ గానీ తర్వాత వారానికి ఒక్కో గదికి ఒక్క బస్తా కలిపితే చాలు. లెక్క వేస్తే గడ్డి కంటే తక్కువే పడుతుంది.

నెల క్రితమే ఇది దొరికేది. నేను వెతకడం మానేశాను కదా.

మేడమ్‌కి లెక్క చూపించాను. "నాలుగు నెలలు చూద్దాం," అన్నారు. అక్టోబరు ఆఖరు అన్న మాట ఇక ఎత్తలేదు.

అక్టోబరు 22

వెళ్లాను. బస్తాలు తీసుకెళ్లాను, ఖాళీ చేతులతో ఎలా వెళ్లాలో తెలియక.

"పోయిన వారం రాలేదేం తమ్ముడూ? టీ రెండుసార్లు వేడి చేశాను."

జేబులోంచి నల్ల చుట్ట తీసి బల్ల మీద పెట్టాను. "ఇది ఏ చెక్క మేస్త్రీగారూ?"

"అక్రోటు. ఎవరో పెద్ద భోజనాల బల్ల చేయించుకుంటున్నారు."

చెప్పాను. గట్టిగా చెప్పాలి కదా ఆయనకి, అరిచినట్టే అయింది. డెక్కలు, ఎక్స్‌రే, అన్నీ. ఆయన యంత్రం ఆపేశాడు. ఆ షాపులో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

"కిటికీల పని సెప్టెంబరుతోనే అయిపోయింది," అన్నాడు చివరికి. "పైన్ పొట్టు లేదు. లేదని చెబితే నువ్వు ఇంకో షాపుకి పోతావు. పొట్టు పొట్టే కదా అనుకున్నా. పైన కొంచెం తెల్లది వేసి మూతి కుట్టా. గుర్రానికి చెడ్డదని తెలియదు తమ్ముడూ, ఒట్టు. తెలిస్తే నా చేతులతో... నువ్వు ఒక్కమాట అడిగుంటే చెప్పేసేవాణ్ణి."

"అడిగితే ఇక్కడికి రావడం మానేయాల్సి వచ్చేది," అన్నాను.

ఇద్దరం ఆ చుట్ట వైపే చూస్తూ నిలబడ్డాం. ఆయన కళ్లు తుడుచుకున్నాడు, పొట్టు పడిందన్నాడు. నాకు కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. కూర్చోమని ఆయన అనలేదు, నేను కూర్చోలేదు. ఖాళీ బస్తాలతో తిరిగొచ్చాను.

అక్టోబరు 29

మంగళవారం. వెళ్లలేదు. మూడింటికి టీ పెట్టుకున్నాను. అలవాటు కొద్దీ రెండు గ్లాసుల నీళ్లు పోసేశాను.

నవంబరు 3

అత్తగారు గుళికల పరుపుని ముందు కాలితో గీకింది. నెలలో మొదటిసారి ఆ కాలు ఎత్తింది. వాసన చూసి, మూతి తిప్పుకుంది. గుమ్మంలో కూలబడి ఏడ్చాను.

వదినకి చెబితే, "అయితే బతికింది," అంది.

నవంబరు 5

గుళికల లారీ నిన్ననే వచ్చి వెళ్లింది. రెండు నెలలకు సరిపడా ఉంది. పొట్టుతో ఇక పని లేదు.

మూడింటికి చొక్కా మార్చుకుని బయల్దేరాను. తోపుడుబండి లేకపోతే ఆ వీధి ఇంత చిన్నదని ఇవాళే తెలిసింది. చేతులు వెనక్కి కట్టుకుని నడిచాను. షాపు ముందు కాసేపు నిలబడ్డాను కూడా, యంత్రం హోరులో నేను వచ్చినట్టు ఆయనకి వినబడదు.

మేస్త్రీ తల ఎత్తి ముందు నా చేతుల వైపు చూశాడు. "బస్తాలేవి?"

"పొట్టు కోసం రాలేదు," అన్నాను గట్టిగా.

ఆయన యంత్రం ఆపి, రెండో స్టూలు మీద పేరుకున్న పొట్టుని చేత్తో తుడిచాడు.